ఇంట్లోనే కాలింది

"ఎక్కడ కాలింది?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఇంట్లో" అంది ఇసక్కియమ్మాళ్.

ఆ మాట నోట్లో తయారుగానే ఉంది. ఆటోలో వస్తున్నంతసేపూ ఒక పక్క హోటలు మేనేజరు నెల్లయప్పన్, ఇంకో పక్క వంటమాస్టరు చెల్లయ్య కూర్చుని ఆమె చేత అదే పాఠం వల్లె వేయించారు. "ఇంట్లో వేణ్ణీళ్ళు దించుతుంటే మీద పడ్డాయని చెప్పు, ఇసక్కీ. అంతకు మించి ఒక్క ముక్క కూడా వద్దు" అన్నాడు మేనేజరు. "అందరం చెప్పేది అదేనమ్మా. ఏం కాదు" అన్నాడు మాస్టరు.

తామరై విలాస్‌లో అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. వడల నూనె చింది చెయ్యి బొబ్బలెక్కినా, ఇడ్లీ కొప్పెర మూత తీస్తుంటే ఆవిరి కొట్టి ముఖం ఉడికినా, ఆసుపత్రి చీటీలో మాత్రం ఇంట్లో కాలిందనే రాయించుకోవాలి. హోటల్లో అని రాస్తే కార్మికశాఖ వాళ్ళు వస్తారు, వంటగది చూస్తామంటారు, ఆ రోజుకి పొయ్యి ఆర్పాల్సి వస్తుంది. ఇన్నేళ్ళుగా వంటవాళ్ళందరూ బుద్ధిగా ఇంట్లో అనే చెప్పారు, మందు పూయించుకుని వెనక్కి వచ్చారు. ఒంట్లో మంట నెత్తికెక్కి ఉన్న ఇసక్కికి ఆ పూట అందులో తప్పేమీ కనిపించలేదు.

"ఈ పిండేమిటి? ఎవరు పూశారిది?" అని డాక్టరమ్మ కోప్పడింది.

రెండు కాళ్ళకూ తొడల దాకా ఇడ్లీ పిండి. చల్లగా ఉంటుందని చెల్లయ్య మాస్టరు గరిటెతో తోడి పూసేశాడు. అది అట్టులా ఎండిపోయింది. నర్సు తడి గుడ్డతో ఒక్కో పెచ్చూ ఊడదీస్తుంటే దానితో పాటు చర్మం కూడా వస్తోంది. ఇసక్కి మంచం పట్టీని రెండు చేతులా పట్టుకుని, పళ్ళ బిగువున ఉంది.

"ఇంట్లోనేనమ్మా" అంది మళ్ళీ, అడగకపోయినా.

"పెళ్ళయిందా?"

"అయింది."

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

"నేనూ, మా ఆయనా. అంతే."

డాక్టరమ్మ నర్సు వైపు చూసింది. నర్సు తల ఊపింది. ఆ చూపు దేని గురించో ఇసక్కికి సాయంత్రానికి గానీ తెలియలేదు.

మధ్యాహ్నం, నొప్పి సూది కాస్త పని చేసి కళ్ళు మూతలు పడుతుంటే, ఖాకీ బట్టల్లో ఒకావిడ వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. మహిళా స్టేషన్ కానిస్టేబులు జెబమలర్. ముప్పై దాటి ఉండవు. మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, పెన్ను టక్కున నొక్కి, గొంతు బాగా తగ్గించింది.

"భయపడకక్కా. ఇక్కడ మగవాళ్ళెవరూ లేరు. ఆయన తాగుతాడా?"

"ఎవరు?"

"మీ ఆయన."

"టీ తాగుతాడు."

"వెటకారం వద్దు. కొడతాడా?"

"దోమల్ని కొడతాడు. అదీ సరిగ్గా కొట్టలేడు. ఎందుకమ్మా ఇవన్నీ?"

"అడగడం నా డ్యూటీ. సరే, వేణ్ణీళ్ళు మీద పడ్డాయన్నావు. ఆ నీళ్ళు ఎవరు కాచారు?"

మగత ఒక పక్క, మంట ఇంకో పక్క. నేర్పించిన పాఠంలో ఈ ప్రశ్న లేదు. అందుకని ఇసక్కి నోటికి నిజం వచ్చేసింది. "ఇంట్లో పొయ్యి దగ్గరికి నేను పోనమ్మా. పొద్దు పొడవక ముందు నుంచీ హోటల్లో నిప్పుల ముందు నిలబడి, మళ్ళీ ఇంటికెళ్ళి పొయ్యి ముఖం చూడాలంటే నా వల్ల కాదు. వంటంతా ఆయనే."

జెబమలర్ రాయడం ఆపి తలెత్తింది. "అంటే, వేణ్ణీళ్ళ గిన్నె పట్టుకుని ఉన్నది ఆయన."

"పట్టుకుని ఉండటమేమిటి?"

"నువ్వు చెప్పిందే రాశానక్కా" అని పుస్తకం మూసి, ఇసక్కి భుజం మీద మెత్తగా చెయ్యి వేసి నొక్కి వెళ్ళిపోయింది. ఆ మెత్తదనం చూసి ఇసక్కికి మొదటిసారి భయం వేసింది.

నాలుగింటికి ముప్పుడాతి పరుగెత్తుకుంటూ వచ్చింది. హోటల్లో పిండి రుబ్బే పని ఆమెది. "అక్కా, మీ ఆయన్ని తీసుకుపోయారు. కొట్లోకి వచ్చి, కుడుతుండగానే లేవదీశారు. మెడలో టేపు కూడా తియ్యనివ్వలేదట. సగం కుట్టిన జాకెట్టు మిషను మీదే ఉంది."

"ఎందుకే?"

"నీ మీద వేణ్ణీళ్ళు పోశాడని!"

ఇసక్కి కాసేపు ఆ మాటే ఎక్కించుకోలేకపోయింది. సుడలైముత్తు. చీమ కనిపిస్తే కాలు పక్కకు పెట్టే మనిషి. కొలతలు తీసేటప్పుడు ఆడవాళ్ళ ముఖం చూడటానికి కూడా సిగ్గుపడే మనిషి. తన మీద వేణ్ణీళ్ళు పోశాడట! వల్లె వేయించిన ఇద్దరూ మగవాళ్ళే. కాలిన మగవాడు ఇంట్లో అంటే మందు పూసి పంపిస్తారు. పెళ్ళయిన ఆడది ఇంట్లో అంటే ఏమనుకుంటారో వాళ్ళిద్దరికీ తట్టలేదు. తట్టకపోతే తట్టకపోయింది, తనకెందుకు తట్టలేదు? ఇసక్కికి అందరి కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

"మాస్టరుకి చెప్పవే. వెంటనే స్టేషనుకి వెళ్ళి అసలు జరిగింది చెప్పమను."

ముప్పుడాతి పైట కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూసింది. "చెబుతానక్కా" అంది. చెప్పినా ఏమీ కాదని ఆ గొంతులోనే తెలుస్తోంది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ రౌండ్లకి రాగానే ఇసక్కి మోచేతి మీద లేచి కూర్చోబోయింది. "అమ్మా, నాకు ఇంట్లో కాలలేదు. హోటల్లో కాలింది."

"అలాగా" అంది డాక్టరమ్మ, చార్టు చూస్తూ.

"నిజమమ్మా. మా ఆయన్ని పట్టుకుపోయారు. ఆయనకేం సంబంధం లేదు."

"తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

డాక్టరమ్మ చార్టు దించింది. కోపం లేదు ఆమె ముఖంలో. జాలి ఉంది. దాన్ని చూస్తేనే ఇసక్కికి అరికాలి మంట నెత్తికెక్కింది. "మొదటి రోజు మీరు నిజం చెబుతారు. ఆయన్ని తీసుకెళ్ళారనగానే రెండో రోజు మాట మారుస్తారు. ఈ వార్డులో నేను చూసేదే ఇది."

"మొదటి రోజు చెప్పిందే అబద్ధమమ్మా!"

"అది కూడా అంటారు."

"ఆయన మంచివాడమ్మా!"

"అది అందరూ అంటారు" అని నర్సుకి ఏదో మందు పేరు చెప్పి పక్క మంచానికి వెళ్ళిపోయింది.

ఇదేం చోద్యం? అబద్ధం చెబితే రాసుకున్నారు. నిజం చెబితే భుజం తడుతున్నారు. ఎంత గట్టిగా చెబితే అంత జాలి. ఏడిస్తే ఇంకా జాలి. అరుద్దామంటే కాళ్ళు కదిలి కట్టు కింద చర్మం చుర్రుమంటోంది.

పక్క మంచం మీద సెల్వకని అనే ఆవిడ ఉంది. మెడ నుంచి నడుం దాకా కట్లే. ఆమె చీటీలో కిరసనాయిలు స్టవ్వు పేలిందని ఉంది. డాక్టరమ్మ వెళ్ళిపోయాక ఆమె మెల్లగా ఇటు తిరిగి, "నువ్వు నయం అక్కా" అంది. "ముందు రోజే చెప్పేశావు. నాకు ఆ ధైర్యం లేకపోయింది. ఇప్పుడు మాట మార్చకు."

ఇసక్కి నోరు తెరిచింది. నేను చెప్పింది అబద్ధం అనబోయి, ఆవిడ కళ్ళు చూసి మూసుకుంది. నర్సు చెప్పింది తరవాత, ఆ ఇంట్లో స్టవ్వే లేదట, గ్యాసు పొయ్యేనట. డాక్టరమ్మ ఎందుకు నమ్మదో ఇసక్కికి అప్పుడు బాగానే అర్థమైంది. అర్థమైనంత మాత్రాన సుడలైముత్తు స్టేషను బెంచీ మీద నుంచి లేచి రాడు కదా.

గురువారం జెబమలర్ మళ్ళీ వచ్చింది. ఈసారి మొహం చిట్లించుకునే వచ్చింది.

"మాట మార్చావట?"

"మార్చలేదు, సరిచేశాను. నువ్వు మా ఇల్లు చూశావా?"

"ఎందుకు?"

"చూడకుండానే మనిషిని పట్టుకుపోయారా? మా ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద గిన్నె తీసుకురా. తాళంచెవి పక్కింటి పేచ్చిముత్తు దగ్గర ఉంటుంది. వెళ్ళు. పోలీసు పని అదే కదా, వెతకడం."

"నాకు పని చెబుతున్నావా?"

"చెప్పకపోతే ఎవరూ చెయ్యడం లేదు మరి."

జెబమలర్ ఏదో గొణుక్కుంటూ వెళ్ళింది. రాదనే అనుకుంది ఇసక్కి. గంటన్నరకి చెమటలు కక్కుకుంటూ వచ్చింది, చేతిలో సొట్టలు పడ్డ సత్తు గిన్నె ఒకటి. "మొత్తం వెతికాను. ఇంతకంటే పెద్దది లేదు. బక్కెట్టు ఉంది గానీ ప్లాస్టిక్‌ది, పొయ్యి మీదికి ఎక్కదు."

"దాన్ని అంచుదాకా నింపి నీ కాళ్ళ మీద పోసుకో."

"ఏంటీ?"

"చల్లనీళ్ళేలే. పోసుకుని చూడు ఎంతవరకు తడుస్తుందో. తడిసినంత మేరే కదా కాలేది."

జెబమలర్ ఆమె వైపు ఒక చూపు చూసి, ఆమె కట్ల వైపు ఒక చూపు చూసి, గిన్నె పట్టుకుని స్నానాలగదిలోకి పోయింది. నీళ్ళు దబ్బుమని పడిన చప్పుడు వార్డులోకి వినిపించింది. ప్యాంటు ఒక కాలు తొడ నుంచి మడమ దాకా తడుపుకుని బయటకొచ్చింది. రెండో కాలు పొడిగానే ఉంది. ఆమె ఆ రెండు కాళ్ళనూ చూసుకుంది. తరవాత ఇసక్కి రెండు కాళ్ళ చుట్టూ, ముందూ వెనకా ఉన్న కట్లు చూసింది. స్టూలు దగ్గరికి లాక్కుని, ఈసారి గొంతు తగ్గించకుండా అడిగింది. "ఎలా పడిందో చెప్పు."

ఇసక్కి చెప్పింది. డెబ్బై లీటర్ల సాంబారు గుండిగ. పొయ్యి మీద నుంచి దించాలంటే రెండు కడియాలకూ మసిగుడ్డలు చుట్టి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకటే అడుగు వేస్తూ నడవాలి. మాస్టరు వెనక్కి నడుస్తాడు, ఎదుటివాడు ముందుకి. ఆ ఎదుటివాడు పరమశివన్. మంగళవారం టిఫిన్ల రద్దీలో మేనేజరు అతన్ని వడ్డనకి పంపేశాడు. బయట సాంబారు, సాంబారు అని కేకలు. కూరగాయలు తరుగుతున్న ఇసక్కిని ఒక చెయ్యి వెయ్యమన్నారు. వేసింది. నేల మీద కాలవ మూత రెండు నెలలుగా విరిగి ఉంది, దాని మీద అట్టముక్క కప్పారు. గుండిగ అడ్డం ఉంటే కాళ్ళ కింద ఏముందో కనపడదు. అట్ట కుంగి కాలు కాలవలోకి దిగింది. గుండిగ ఆమె వైపుకి ఒరిగింది. మాస్టరు తన వైపు వదల్లేదు. వదిలి ఉంటే మొత్తం ఆమె నెత్తి మీదే పడేది.

"ఇంకా మునక్కాయ ముక్కలు కాళ్ళకి అతుక్కుపోయి ఉంటే ముప్పుడాతి ఏరిపారేసింది. వేణ్ణీళ్ళలో మునక్కాయలు ఎవరు వేస్తారమ్మా?"

జెబమలర్ నవ్వబోయి ఆపుకుంది. పెన్ను మళ్ళీ నొక్కి జేబులో పెట్టింది. "నిన్ననే హోటలుకి వెళ్ళానక్కా. నీ మాట అబద్ధమని తేల్చుకుందామనే వెళ్ళాను. మంగళవారం నువ్వు పనికే రాలేదట. హాజరు పుస్తకం చూపించారు. నీ పేరు పక్కన రాలేదని ఉంది."

"మాస్టరు ఉన్నాడు కదా అక్కడ?"

"ఉన్నాడు. అడిగాను. గరిటె తిప్పుతూ తలెత్తలేదు."

గుండిగ వదలని మనిషి. కళ్ళ నీళ్ళు పెట్టుకుని పిండి పూసిన మనిషి. తలెత్తలేదట. ఇసక్కికి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది, కాలని చోట కూడా.

"నేను నమ్ముతున్నా. మా ఎస్సైకి గిన్నె సంగతి చెబితే నవ్వుతాడు. చూసినవాళ్ళు ఒక్కరు నోరు విప్పాలి" అని జెబమలర్ గిన్నెను మంచం కిందికి తోసి వెళ్ళిపోయింది.

శుక్రవారం పదకొండింటికి నెల్లయప్పన్ వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచీ, జేబులో మడిచిన కాగితం. వెనకే చెల్లయ్య మాస్టరు క్యారేజీ పట్టుకుని గోడ వారగా నిలబడ్డాడు. ఇసక్కి ఆయన వైపు చూడలేదు.

"ఎలా ఉంది, ఇసక్కీ? అంతా నేను సర్దేశాను. ఇప్పుడే మీ ఆయన్ని తీసుకొస్తారు. ఎస్సై మన హోటలు మనిషే, రోజూ పొద్దున పొంగల్ మన దగ్గరిదే. చిన్న కాగితం, సంతకం పెట్టు. మీ ఆయన ఇంటికి పోతాడు."

"ఏముంది అందులో?"

"ఏముంటుంది? ఇంట్లో ఆయన లేనప్పుడు, వేణ్ణీళ్ళు దించుతుంటే, నా అజాగ్రత్త వల్ల పడ్డాయి. నా భర్త మీద నాకు ఫిర్యాదు లేదు. అంతే."

అంతలోనే జెబమలర్ సుడలైముత్తుని వెంటబెట్టుకుని వచ్చింది. మూడు రోజుల గడ్డం. నలిగిన చొక్కా. మెడలో టేపు ఇంకా అలాగే వేలాడుతోంది. మంచం దగ్గరికి వచ్చి కట్లు చూశాడు. చేత్తో తాకబోయి, ఎక్కడ తాకాలో తెలియక దుప్పటి అంచు సరిచేశాడు.

"తిన్నావా?" అన్నాడు.

"నువ్వు తిన్నావా?"

"పెట్టారు. ఊరికే కూర్చోలేక ఇద్దరికి యూనిఫారం గుండీలు కుట్టి పెట్టాను."

ఇసక్కికి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. "నిన్ను పట్టుకుపోయినవాళ్ళకి గుండీలు కుట్టావా?"

"ఊడిపోయి ఉన్నాయే మరి" అని మేనేజరు చేతిలో కాగితం చూశాడు. "అదేదో పెట్టెయ్ ఇసక్కీ. ఇంటికి పోదాం. మనకెందుకు గొడవ?"

మేనేజరు పెన్ను అందించాడు. ఇసక్కి తీసుకుంది. ఒక గీత గీస్తే చాలు. ఈ మనిషి ఇంటికి పోయి, స్నానం చేసి, ఆ సగం జాకెట్టు పూర్తి చేసుకుంటాడు. ఈ మూడు రోజులుగా ఆమె కోరుకున్నది అదే. కాగితం దగ్గరికి లాక్కుని అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. ఒక్క మాట దగ్గర వేలు ఆగిపోయింది.

"నా అజాగ్రత్తా?" అంది.

"మాటవరసకి. ఏదో ఒకటి రాయాలిగా."

"రెండు నెలలు, అన్నాచ్చీ. మూత విరిగింది, మూత విరిగింది అని రోజూ మొత్తుకున్నాను. అట్ట వేయించింది నువ్వు. పరమశివన్‌ని పంపించింది నువ్వు. పనికే రాలేదని రాసింది నువ్వు. మొన్న ఈయన పోశాడన్నారు, ఇవాళ నేనే పోసుకున్నానంటున్నారు. మీ కాలవ మూత మాత్రం చల్లగా ఉంది!"

"అరవకు, ఆసుపత్రి ఇది."

ఇసక్కి పెన్ను మేనేజరుకి కాకుండా జెబమలర్‌కి ఇచ్చింది. "రాయమ్మా. హోటల్లో కాలింది."

నెల్లయప్పన్ ముఖం బిగుసుకుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. రాసుకోండి. మంగళవారం పనికే రాని మనిషికి హోటల్లో ఎలా కాలింది? సాక్షి ఎవరు? ఈయన మళ్ళీ బెంచీ మీదికే పోతాడు, ఆలోచించుకో."

అందరూ సుడలైముత్తు వైపు చూశారు. ఆయన ఇసక్కి వైపు చూశాడు. పెన్ను ఎందుకు తిరిగి ఇచ్చేసిందో ఆయనకి పూర్తిగా అర్థమైందో లేదో గానీ, స్టూలు లాక్కుని ఆమె తల దగ్గర కూర్చున్నాడు. "పోతే పోతాలే. ఇంకా నాలుగు చొక్కాలున్నాయి అక్కడ, గుండీలు లేనివి" అన్నాడు.

గోడ దగ్గర క్యారేజీ కింద పెట్టిన చప్పుడైంది.

"రెండో కడియం పట్టుకున్నది నేను" అన్నాడు చెల్లయ్య మాస్టరు.

"మాస్టర్, మీరు కిందికి వెళ్ళండి" అన్నాడు మేనేజరు.

మాస్టరు వెళ్ళలేదు. చొక్కా చేతులు పైకి మడిచాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా నున్నగా మెరుస్తున్న పాత మచ్చలు, వాటి మీద కొత్తవి. గంజి పడిన మెడ చూపించాడు. పంచె మోకాలి దాకా ఎత్తి పిక్క చూపించాడు. "మంగళవారం ఇది కూడా. నా వైపు కొంచెమే పడింది" అన్నాడు. కట్టు లేదు దానికి. ఎండిన పిండి ఉంది.

జెబమలర్ కొత్త పేజీ తిప్పింది. "దీనికి చీటీ రాయించుకున్నారా?"

"దీనికి లేదు. ముందు వాటికి ఉన్నాయి. ఈ ఆసుపత్రిలోనే, ఏడు సార్లు. అన్నిట్లోనూ ఇంట్లో కాలిందనే ఉంటుంది."

"పేరు?"

"చెల్లయ్య."

"ఇంటి చిరునామా?"

మాస్టరు చొక్కా చేతులు మెల్లగా దించుకుని, గుండీ పెట్టుకున్నాడు. మేనేజరు బత్తాయిల సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఇల్లెక్కడ అన్నాను" అంది జెబమలర్.

"తామరై విలాస్. పైన, బియ్యం మూటల గది. ముప్పయ్యొక్క ఏళ్ళుగా అక్కడే పడుకుంటున్నా."

"అది కాదు, ఇల్లు."

"అదేనమ్మా. నాకు ఇల్లెప్పుడుంది?"

జెబమలర్ పెన్ను ఆగింది. ఏడుసార్లు ఇంట్లో కాలిన మనిషిని తలెత్తి చూసింది. మూడు రోజులుగా ఈ మనిషిని తిట్టడానికి ఇసక్కి నోటి నిండా మాటలు కూడబెట్టుకుంది. ఇప్పుడవి పోలేదు గానీ, గొంతు దాకా వచ్చి పదును తగ్గాయి.

"ఈ ముక్క చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా మాస్టర్?" అంది.

"ఇంటి సంగతి ఎవరూ అడగలేదమ్మా" అన్నాడాయన.

జెబమలర్ తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది.